రేనాటిలో మాన్యాలు, తిరుగుబాట్లు: నంద్యాల–ఆళ్లగడ్డ ప్రజల తొలి చరిత్ర, వలస చరిత్ర

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. ఈ రెండు కొండల వరుసల నడుమ కుందూ నది ఉత్తరం నుంచి దక్షిణానికి పారి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లె ఊళ్లన్నీ ఈ లోయలోవే. జొన్న, పత్తి పండే నల్లరేగడి వీటన్నిటికీ ఉమ్మడి ఆస్తి. అయినా పందొమ్మిదో శతాబ్దం తొలి నలభై ఏళ్లు ఈ ఒక్క లోయలో మూడు పాలనలు నడిచాయి. కోవెలకుంట్ల వైపు 1800లోనే ఈస్టిండియా కంపెనీ చేతికి పోయి కడప కలెక్టరు కిందికి వచ్చింది. నంద్యాల, సిరివెళ్ల వైపు 1839 వరకు కర్నూలు నవాబుది. బనగానపల్లెకు సొంత నవాబు ఉండేవాడు, ఆ సంస్థానం 1948 దాకా నిలిచింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లా ఈ ముక్కలను ఒక గొడుగు కిందికి తెచ్చింది గానీ చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఈ ప్రాంతాన్ని ఒకే ఒక్క మనిషి కథగా, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథగా చెప్పి ముగిస్తుంటారు. ఆయన గొప్పదనానికి లోటు లేదు. కానీ ఇక్కడి వలస చరిత్రకు ఇరుసు వేరే ఉంది. సేవకు ప్రతిగా భూమి అనే వెయ్యేళ్ల ఏర్పాటును కంపెనీ తెంచింది. నరసింహారెడ్డి నడిపిన 1846 తిరుగుబాటు ఆ తెంపుకు వచ్చిన జవాబు. ఈ వ్యాసం నిలబెట్టదలచిన వాదం ఇదే.

తొలి మానవుల సాక్ష్యం ఈ లోయలో అబ్బురపరిచేంత దట్టంగా ఉంది. బనగానపల్లె దగ్గర జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అనే పల్లె ఉంది. అక్కడి నేలను తవ్వితే తెల్లటి మెత్తని బూడిద కొన్ని చోట్ల రెండు మీటర్లకు పైగా మందాన కనిపిస్తుంది. ఊరివాళ్లు దాన్ని తవ్వి, గిన్నెలు తోమే పొడుల తయారీకి అమ్మేవారు. అది ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చిన బూడిద. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం ఆ పొర కిందా పైనా ఒకే తరహా రాతి పనిముట్లను గుర్తించి 2007లో ఆ ఫలితాలను ప్రకటించింది. అంత పెద్ద ఉత్పాతాన్ని కూడా ఇక్కడి మనుషులు తట్టుకున్నారని వాళ్ల నిర్ణయం. ఆ పనిముట్లు చేసినవాళ్లు మనలాంటి ఆధునిక మానవులేనా, అంతకుముందు జాతివాళ్లా అన్నది తేలలేదని మరికొందరు పండితుల అభ్యంతరం. బూడిద పొర దగ్గర మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు కాబట్టి ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే పనిముట్ల తీరు తెగిపోకుండా సాగిందన్న అసలు విషయాన్ని అది చెరపదు. అదే లోయలోని రాతి పంచల్లో సుమారు 35 వేల ఏళ్ల నాటి సూక్ష్మ శిలా పనిముట్లూ దొరికాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1844లో న్యూబోల్డ్ వెలుగులోకి తెచ్చాడు, 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. ఇన్ని వేల ఏళ్లపాటు జనం ఉన్న నేల ఇది. దీన్ని వెనుకబడిన మూలగా చూసే అలవాటు ఎంత కొత్తదో ఈ తవ్వకాలు చూస్తే తెలుస్తుంది.

లిఖిత చరిత్రకు వస్తే, ఈ లోయ దక్షిణ భాగం, కడప జిల్లాలో కొంత భాగం కలిసి రేనాడు. శాసనాల్లో దానికి రేనాడు ఏడువేలు అని పేరు. రేనాటి చోళులు ఏలిన ఈ నాడులోనే, ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో, సుమారు క్రీ.శ. 575 నాటి ధనంజయుని శాసనం దొరికింది. మనకు తెలిసిన తొలి తెలుగు శాసనం అదే. సాధారణంగా దాన్ని భాష కోసం చదువుతారు. భూమి కోసం చదివినా రేనాటి శాసనాలు ఎంతో చెబుతాయి. పన్నసగా నేల ఇవ్వడం వాటిలో పదేపదే వస్తుంది. నేల మీద పూర్తి హక్కు ఏ ఒక్కరిదీ కాదు. పండించేవాడికో వాటా, ఏలేవాడికో వాటా, దానం పుచ్చుకున్నవాడికి మరో వాటా. విజయనగర కాలానికి ఈ పద్ధతి బాగా ముదిరింది. 1515లో కళింగ దండయాత్ర సందర్భంగా అహోబిలం వచ్చిన కృష్ణదేవరాయలు స్వామికి ఆభరణాలతో పాటు మద్దూరు గ్రామాన్నీ సమర్పించాడు. ఊరిని ఇవ్వడం అంటే అక్కడి రైతును వెళ్లగొట్టడం కాదు, ఆ ఊరి నుంచి రాజుకు రావలసిన భాగాన్ని గుడికి మళ్లించడం.

అహోబిలం చుట్టూ అల్లుకున్న సంబంధాల్లోనూ ఇదే పోకడ ఉంది. నల్లమల చెంచులు నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. చెంచులక్ష్మి కథకు మూలం ఈ అడవే. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీ ఎక్కి ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ నలభై రోజులకు పైగా తిరుగుతాడు. పల్లకీ మోసే బోయీలకు, దారి పొడవునా స్వామిని నిలిపే తెలుపులకు, ఊరూరా హక్కుదారులు ఉంటారు. ఎవరి సేవ ఎవరిదో, దానికి గౌరవం ఏమిటో తరతరాలుగా స్థిరపడి ఉంది. దీన్ని పండుగ సరదాగా మాత్రమే చూస్తే పొరబడతాం. కొండమనిషీ పల్లెమనిషీ గుడీ ఒకరికొకరు ఏమి బాకీనో ఏటేటా బహిరంగంగా చెప్పుకునే ఏర్పాటు అది.

విజయనగరం కూలాక ఈ ఏర్పాటును నడిపినవాళ్లు పాలెగాళ్లు. నొస్సం, ఉయ్యాలవాడ, అవుకు లాంటి చోట్ల వాళ్ల కోటలుండేవి. పాలెగాడి కింద కట్టుబడి బంట్లు పనిచేసేవారు. రాత్రి ఊరి కావలి, దొంగ జాడ పట్టడం, పన్ను సొమ్ముకు తోడు వెళ్లడం, కబురొస్తే కత్తి పట్టుకుని కదలడం వాళ్ల పని. జీతం రొక్కంగా ఉండేది కాదు. పన్ను లేని, లేదా నామమాత్రపు పన్ను మీద సాగు చేసుకునే కొద్దిపాటి చేను ఉండేది. అదే కట్టుబడి మాన్యం. తండ్రి పోతే కొడుకు కావలికి వచ్చేవాడు, చేనూ అతనికే వచ్చేది. కుటుంబానికి తిండీ, ఊళ్లో నిలబడటానికి ఒక హోదా, రెండూ ఆ చేనులోనే ఉన్నాయి. బోయలూ చెంచులూ ఈ కావలి పనుల్లో ఎక్కువగా ఉండేవారు. ఈ వివరం చిన్నదిగా కనిపించినా, 1846లో వందల మంది ఎందుకు కదిలారో దీనితోనే అర్థమవుతుంది.

1800 అక్టోబరు 12న నిజాం, తన దగ్గర ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుకింద బళ్లారి, కడప, కోవెలకుంట్ల ప్రాంతాలను కంపెనీకి వదులుకున్నాడు. అవే దత్తమండలాలు. తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన కింద దాదాపు 80 మంది పాలెగాళ్లు లెక్కకు వచ్చారు. మన్రో ఉద్దేశం దాపరికం లేనిది. పాలెగాడు చెల్లించాల్సిన పేష్కషును పెంచాలి, కట్టలేనివాణ్ణి తప్పించాలి, ఆయుధాలు తీసుకోవాలి, చివరికి నెలకింత భరణం ఇచ్చి కూర్చోబెట్టాలి. పాలెగాళ్ల పట్ల ఆయన మరీ కటువుగా ఉన్నాడని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. రైతుల దగ్గర నేరుగా పన్ను వసూలు చేసే రైతువారీ పద్ధతికి 1802 నుంచి చేనుచేనుకూ కొలతలు వేయించాడు. పంటలో సుమారు 45 శాతం సర్కారు శిస్తుగా తేలింది. అది ఎక్కువని మన్రోకే తెలుసు. వెళ్లేముందు 1807లో నాలుగోవంతు తగ్గించమని రాశాడు. కంపెనీ ఆ మాట వినలేదు. ఊళ్లను గుత్తలకిచ్చి ప్రయోగాలు చేసింది. 1820లో మన్రో గవర్నరుగా తిరిగొచ్చాకే తగ్గింపు ఆచరణలోకి వచ్చింది.

కొత్త లెక్క అసలు స్వభావం శిస్తు శాతంలో లేదు. ఒక చేనుకు ఒక పట్టాదారు, అతనికీ సర్కారుకూ మధ్య మరెవరూ ఉండరాదు. ఇదీ దాని మూలసూత్రం. పాత పద్ధతిలో ఒకే చేను మీద నలుగురికి హక్కుంటే, కొత్త పద్ధతి ఒకరినే ఒప్పుకుంది. మిగిలిన ముగ్గురూ క్రమంగా కాగితాల నుంచి రాలిపోయారు. కావలి పని పోలీసులకు, పన్ను సొమ్ము తహసీల్దారుకు పోయాక కట్టుబడి బంటు చేసే పని ఏమీ లేదని అధికారులకు తోచింది. పని లేనప్పుడు మాన్యం ఎందుకు? బంటు చనిపోగానే చేను తిరిగి సర్కారులో కలపడం మొదలైంది. అధికారి దృష్టిలో అది పద్దు సరిచేయడం. కొడుకు దృష్టిలో తండ్రి శవంతో పాటే ఇంటి పరువూ మట్టిలో కలవడం. తెర్నేకల్లులో 1801లోనే ఊరి పెద్ద ముట్టుకూరి గౌడప్ప నాయకత్వాన జనం శిస్తు కట్టబోమని ఎదురుతిరిగి తహసీల్దారును చంపారు. కంపెనీ సేన కోటను పట్టి ఊరి పెద్దను ఉరితీసింది. అక్కడ నాయకుడు పాలెగాడు కాదన్నది గమనించాలి. తగవు మొదటినుంచీ సింహాసనం గురించి కాదు, చేను గురించి.

లోయ ఉత్తర భాగానికి ఈ మార్పు ఆలస్యంగా, అకస్మాత్తుగా వచ్చింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో పెద్దఎత్తున ఆయుధాలు దాచాడని కంపెనీ కనిపెట్టి 1839 అక్టోబరులో జోరాపురం దగ్గర పోరు జరిపి ఆయన్ని బంధించింది. తిరుచిరాపల్లికి పంపగా అక్కడే 1840లో హత్యకు గురయ్యాడు. దాంతో నంద్యాల, సిరివెళ్ల పల్లెల్లోనూ కంపెనీ లెక్కే అమలుకొచ్చింది. ఏడేళ్లు తిరక్కుండా తిరుగుబాటు రాజుకుంది.

ఉయ్యాలవాడ మజ్జారి నరసింహారెడ్డి నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి దౌహిత్రుడు. తండ్రి వైపు వాటాగా ఆయనకు దక్కిన నెల భరణం 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం భరణం తాతతోనే ఆగిపోయింది. 1846 జూలై 10న ఆయన అనుచరులతో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. తర్వాత రుద్రవరం మీదుగా నల్లమల అంచుల్లోకి కదిలి, గిద్దలూరు వైపు కంపెనీ సేనను ఎదుర్కొన్నాడు. కడప కలెక్టరు కాక్రేన్ పంపిన దళాలు కొండల్లో వెంటాడాయి. అక్టోబరు 6న పేరుసోముల కొండల్లో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జుర్రేరు ఒడ్డున, కలెక్టరు కళ్లెదుట, ఆయన్ను ఉరితీశారు. తలను 1877 వరకు కోట దగ్గర వేలాడదీసి ఉంచారు. ముప్పై ఏళ్లు! అప్పటికి కంపెనీ పోయి రాణి పాలన వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఒక్క భరణం తగవుకు ఇంత శిక్ష, ఇంత కాలం ప్రదర్శన అవసరమా అని అడిగితే, పాలకులు తమ భయాన్ని ఎంత పెద్దదిగా కొలుచుకున్నారో అర్థమవుతుంది.

మొదటి ఆక్షేపణ ఇక్కడే వస్తుంది. పదకొండు రూపాయల భరణం కోసం జరిగిన గొడవను చరిత్రగా ఎందుకు పెంచాలని అడిగేవాళ్లున్నారు. కంపెనీ కాగితాలు కూడా చాలావరకు ఆ ధోరణిలోనే మాట్లాడతాయి. కానీ ఆ కాగితాల్లోని లెక్కలే వాళ్ల ధోరణికి అడ్డం నిలుస్తాయి. తిరుగుబాటులో 901 మంది మీద అభియోగాలు మోపారు. 412 మందిని సాక్ష్యం లేక వదిలేశారు. 112 మందికి 5 నుంచి 14 ఏళ్ల దాకా శిక్ష పడింది. భరణం ఒక్కడిది. ఈ 901 మందిలో చాలామందికి ఏ భరణమూ లేదు. వడ్డె ఓబన్న లాంటి సహచరులు పాలెగాళ్ల కుటుంబాలవారు కాదు. కోవెలకుంట్ల పరిసర పల్లెల్లో మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి కుటుంబాలే ఆయన చుట్టూ చేరాయి. నాయకుడి కోపం సొంతది కావచ్చు. దానికి అంత బలగం దొరకడానికి కారణం మాత్రం అందరిది. ఫిలిప్పీన్స్ చరిత్రలో దీనికి దగ్గరి పోలిక ఉంది. బోహోల్ దీవిలో 1744లో తన సోదరుడి శవానికి క్రైస్తవ ఖననం జరగనివ్వనన్న పాద్రి మీద కోపంతో ఫ్రాన్సిస్కో దగోహోయ్ తిరగబడ్డాడు. అదీ ఒక కుటుంబ తగవే. స్పెయిన్ కప్పాలు, వెట్టిచాకిరీ భరించలేని వేలమంది అతనితో కలిశారు. ఆ తిరుగుబాటు అతని తర్వాతా 1829 దాకా, ఎనభై అయిదేళ్లు సాగింది. దాన్ని శవసంస్కారపు గొడవ అని ఎవరూ కొట్టిపారేయరు.

ఆ దీవులతో పోలిక మరో మెట్టు కూడా సాగుతుంది. 1565లో స్పెయిన్ తరఫున సెబూలో దిగిన లెగాస్పి 1571లో మనీలాను రాజధాని చేసుకున్నాక, స్పెయిన్ దాతులు అనే స్థానిక నాయకులను తొలగించలేదు. వాళ్లకు ఊరి పెద్దరికం ఇచ్చి, కప్పం నుంచీ చాకిరీ నుంచీ మినహాయించి, తమ జనం దగ్గరే కప్పం వసూలు చేయించింది. ఆ వర్గం మూడు వందల ఏళ్లు నిలిచింది. దాని బిడ్డల్లోంచే చదువుకున్న దేశభక్తులు పుట్టుకొచ్చారు. రేనాటిలో కంపెనీ అందుకు పూర్తిగా విరుద్ధమైన దారి పట్టింది. మధ్యవాణ్ణి నిలుపుకోకుండా తుడిచేసింది. నలభై ఆరేళ్లలో పాలెగాడు కోట నుంచి భరణానికి, భరణం నుంచి ఉరికంబానికి చేరాడు. చదువుకున్న కొత్త నాయకత్వం ఇక్కడ పుట్టడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది. మతం విషయంలోనూ తేడా ఉంది. అక్కడ పాద్రి సేనతో పాటే దిగి ఊళ్లకు ఊళ్లను గుడి గంట వినబడే దూరంలోకి తరలించాడు. ఇక్కడ ఆళ్లగడ్డకు దక్షిణాన ముత్యాలపాడులో ఆంగ్లికన్ మిషన్ 1850లలో, అంటే తిరుగుబాటు అణిగాక, ముఖ్యంగా దళితుల మధ్య వేళ్లూనింది. మాన్యాల ఏర్పాటులో ఏ వాటా దక్కనివాళ్లు కొత్త గుడిని ఎంచుకున్నారంటే ఆశ్చర్యం లేదు. ఆ పాత ఏర్పాటును పొగిడేవాళ్లు ఈ సంగతి దాటవేయకూడదు. ఆ దీవులకు మద్రాసు నుంచి ఒక ప్రత్యక్ష బంధం కూడా ఉంది. 1762లో మనీలాను పట్టిన కంపెనీ దండు మద్రాసు రేవు నుంచే బయలుదేరింది. అందులోని సిపాయీలు కొందరు తిరిగి రాకుండా మనీలాకు తూర్పున కైంతాలో స్థిరపడ్డారు.

రెండో ఆక్షేపణ బలమైనది. పాలెగాళ్లు రైతులను పీడించారని, మన్రో వాళ్ల బెడద తీర్చాడని అంటారు. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాక దత్తమండలాల్లో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. పాలెగాళ్ల మధ్య కొట్లాటల్లో పైరు తొక్కుడుపోవడం, రెండు వైపులా పన్ను కట్టాల్సి రావడం నిజం. పట్టా చేతికందిన రైతుకు మన్రో మేలు చేశాడనడంలో తప్పులేదు. అయితే ఆ మేలు పట్టాదారుకే. పట్టా దొరకని కావలివాడు, అడవి మనిషి లెక్కలోకే రాలేదు. ఒకే సంస్కరణ ఒకరికి హక్కూ ఇంకొకరికి నిరుద్యోగమూ అయింది. మన్రోను గౌరవంగా తలచుకోవడమూ, నరసింహారెడ్డి మీద పదాలు కట్టి పాడుకోవడమూ ఒకే జనంలో కనిపించడం వైరుధ్యం కాదు. ఇక ఆ తిరుగుబాటును తొలి స్వాతంత్ర్య సమరమని పిలవాలనే వాదం, 2019లో సినిమా వచ్చాక మరింత గట్టిపడింది. ఆనాటివాళ్ల నోట భారతదేశం అనే మాట వెతకడం వృథా. వాళ్లు పోరాడింది రేనాడు కోసం, తమ చేల కోసం. అది ఏ రకంగానూ తక్కువ కారణం కాదు.

ఉయ్యాలవాడలోనే పుట్టిన మరొక మనిషి జీవితం ఈ మార్పు రెండో ముఖాన్ని చూపుతుంది. బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఒకే ఊరివాళ్లు ఇద్దరు, ఇరవై ఏళ్ల తేడాలో, ఒకరికి ఉరితాడు, ఒకరికి పతకం. జనం మాత్రం ఇద్దరినీ కలిపే పాడుకున్నారు. అన్నం పెట్టడం పెద్ద ఇంటి బాధ్యత అన్న పాత నీతి వెంగళరెడ్డిలో మిగిలింది. కానీ 1876–78 కరువుకు ఏ ఒక్క గాదె సరిపోలేదు. కర్నూలు జిల్లా జనాభా 1871లో 9 లక్షల 14 వేల పైచిలుకు, 1881 నాటికి 6 లక్షల 78 వేలకు దిగింది. పదేళ్లలో నలుగురిలో ఒకరు లేరు. అప్పటికే తుంగభద్ర మీద సుంకేసుల నుంచి నంద్యాల మీదుగా కడపకు కాలువ తవ్వి ఉంది. 1863లో ఆ పని మొదలుపెట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ రేగడి రైతుకు ఆ నీళ్లు అమ్మలేక దివాలా దశకు వచ్చింది. 1882లో సర్కారు ఆ కాలువను కొనుక్కుంది. జొన్న చేనుకు డబ్బుపెట్టి నీళ్లు కొనడం అప్పటి రైతుకు అక్కర్లేని ఖర్చుగా తోచింది. అదే 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం నల్లమలను రిజర్వు అడవిగా మార్చే దారి వేసింది. చేలలో పట్టా చేసిన పనినే కొండల్లో ఈ చట్టం చేసింది. తేనె, గడ్డలు, వేట మీద బతికిన చెంచులు సొంత కొండల్లో అనుమతి అడగవలసినవాళ్లయ్యారు. మాన్యాల సంగతిని అంతకుముందే 1858 తర్వాతి ఇనాం కమిషన్ తేల్చేసింది. మిగిలిన సేవా భూములకు కొద్దిపాటి పన్ను కట్టి, సేవతో సంబంధం లేని సొంత ఆస్తులుగా రాసింది.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడే కడప కోటిరెడ్డి అధ్యక్షతన జరిగిన దత్తమండలాల సమావేశంలో చిలుకూరి నారాయణరావు ఈ ప్రాంతాన్ని రాయలసీమ అని పిలుద్దామన్నారు. పాలెగాళ్ల తరవాత ఈ సీమ తరఫున మాట్లాడిన తొలి తరం నాయకులు వీళ్లే. వీళ్లు వకీళ్లు, పండితులు, పట్టాదారులు. తొమ్మిదేళ్లకు, 1937 నవంబరు 16న కోస్తా నాయకులతో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో వాళ్లు అడిగినవి కృష్ణా, తుంగభద్ర నీళ్లలో ముందు వాటా, విశ్వవిద్యాలయ కేంద్రం, శాసనసభ సీట్లు, రాజధాని లేదా హైకోర్టు. కాలువ నీళ్లు వద్దన్న రైతు మనవలు అరవై ఏళ్లకు ఆ నీళ్ల కోసమే ఒప్పందం రాయించుకున్నారు. కట్టుబడి బంట్ల మనవల గురించి అందులో ఒక్క షరతూ లేదు.